లేని దేశపు జెర్కిన్

"మేడం, మాస్టర్ పోయిండు. పది దినాలైంది. ఆయన పెట్టె గీడనే ఉంది. మీరు తీస్కపోతరా, లేకుంటే పాత సామాన్లోనికి ఇచ్చెయ్యాల్నా?"

ఫోన్ చేసింది షేక్‌పేట ఆసామి. ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తులు అద్దెకిచ్చే గోదాము ఒకటుంది, మాస్టారు పనిచేసింది అక్కడే. ఆ బిల్డింగ్ ఆయనదే. చావు కబురూ పెట్టె కబురూ ఒకే గుక్కలో చెప్పాడని కోపం వచ్చింది కానీ, అడిగినందుకైనా సంతోషించాలి. పాత సామాన్లవాడు ఆ వీధిలోకి రోజూ వస్తాడు.

"వద్దన్నా, ఎవ్వరికి ఇయ్యకు. నేనొస్తున్న" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఏడుపు రాలేదు. చెవిలో జిప్పు చప్పుడు మాత్రం వినిపించింది. సర్రున పోయి చివర చిన్నగా టక్కుమనే చప్పుడు. మాస్టారు జిప్పును చూసేవారు కాదు, వినేవారు. కళ్లు మూసుకుని, జెర్కిన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, ఒకసారి పైకి ఒకసారి కిందికి లాగేవారు. పక్కన ఎవరు మాట్లాడినా చెయ్యెత్తి ఆగమనేవారు. నాడి చూసే వైద్యుడి ముందు కూర్చున్నట్టు మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్లం.

ఆయన్ని మొదట చూసింది మా కంపెనీ వార్షికోత్సవం పుణ్యమా అని. అవి ఐటీ ఊపు మీదున్న రోజులు. మాదాపూర్ రాళ్ల మధ్య నెలకో అద్దాల మేడ లేస్తుండేది. నేను వెంగళరావు నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఒకరు రాసినదాంట్లో ఇంకొకరు తప్పులు పట్టడమే ఆ ఉద్యోగం. మా ఇంట్లోవాళ్లు, దానికి జీతం కూడా ఇస్తారా, నువ్వు ఊరికే చేస్తూనే ఉన్నావు కదా అనేవారు. ఆఫీసు నాటికలో నలుగురు యముడి భటులకు దుస్తులు కావాలంటే, సిద్దిపేట పిల్ల బేరం బాగా ఆడుతుందని నన్ను ఫిల్మ్‌నగర్ పంపారు.

గోదాము సెల్లారులో ఉంది. మెట్లు దిగుతుంటే కలరా ఉండల వాసన ఎదురొచ్చింది. పైన కటకటాల్లోంచి ఎండ పలకలు పలకలుగా పడుతోంది. ఆ ఎండలో రాజుల అంగరఖాలు, పోలీసు చొక్కాలు, పెళ్లికూతుళ్ల చీరలు తాళ్ల మీద వేలాడుతున్నాయి. ఒక్కోదాన్ని వేసుకుని ఒక్కో సినిమాలో ఎవరో ఒకరు చచ్చిపోయి ఉంటారు. వాటి కింద ఒక బక్కపలచని పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. తెల్ల చొక్కా ఛాతీ మీద పిన్నీసులు వరసగా గుచ్చుకున్నారు, సైనికుడు పతకాలు పెట్టుకున్నట్టు. కాలరు మడత కింద రెండు సూదులు, ఒకదానికి తెల్ల దారం, ఒకదానికి నల్లది.

నేను యముడి భటుల గురించి నోరు తెరిచేలోగా ఆయన చెయ్యి చాపారు.

"ఏదమ్మాయ్, ఆ జెర్కిన్ ఒకసారి విప్పి ఇలా ఇస్తావా?"

ఆ రోజు నేను వేసుకున్నది నా పంచప్రాణాల్లో ఒకటి. పదో తరగతిలో జిల్లా పరుగుపందెంలో నేను రెండోదాన్నయ్యాను. మొదటొచ్చిన పిల్ల, వాళ్ల మామ విదేశం నుంచి తెచ్చిన నీలం జెర్కిన్ వేసుకొచ్చింది. జర్మనీదట. నేను ఓడిపోయింది కాళ్ల వల్ల కాదు, ఆ జెర్కిన్ వల్లేనని చాలా ఏళ్లు మనస్ఫూర్తిగా నమ్మాను. ఉద్యోగం రాగానే ఆదివారాలు పాతబట్టల గుట్టల మీద పడి జర్మనీ ఆటల బట్టలు ఏరడం మొదలుపెట్టాను. అప్పటికి నాలుగు పోగేశాను. రూమ్మేట్ల పెట్టెలు నగలతో నిండుతుంటే నాది ఎవరెవరో చెమటలు పట్టించిన జెర్కిన్లతో నిండింది.

ఆయన దాన్ని తీసుకుని, ముందువైపు కన్నెత్తి చూడలేదు. టకామని తిరగేశారు. జిప్పు చెవి దగ్గర పెట్టుకుని లాగారు. నా చేతిలో పెట్టేశారు.

"నకలు."

"ఏంది! చూడకుండనే నకలంటరా?"

"చూశాను కదమ్మా."

"జిప్పు లాగిండ్రు, గంతే."

"అదే మరి చూడ్డమంటే. మొహం చూసి మోసపోవడం ప్రొడ్యూసర్ల పని. మనం కడుపులో చూడాలి."

అలకతో యముడి భటుల్ని తీసుకుని వచ్చేశాను. మరుసటి ఆదివారం మిగతా మూడూ సంచిలో వేసుకుని మళ్లీ వెళ్లాను. తప్పు పడితే ఊరుకునే రకం కాదు నేను, పట్టినవాడి దగ్గరికే పోయి కూర్చునే రకం.

అలా ఐదారేళ్లు కూర్చున్నాను.

ఆయనది కృష్ణా జిల్లా. మద్రాసులో సినిమా కాస్ట్యూమ్ పనిలో చేరి, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చారు. అంతకు మించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మా మాటలన్నీ బట్టల గురించే. ఏ జెర్కిన్ తెచ్చినా తిరగేసేవారు. లోపలి అంచులు, జేబు సంచి, చేతుల మీది చారల కింద దాగిన కుట్లు వేలిగోరుతో గీస్తూ పోయేవారు. అంచులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో కాల్చి వాసన చూసేవారు. మెడ దగ్గరి లేబుల్‌ను మాత్రం ఆఖర్న చూసేవారు.

"లేబులు నమ్మకూడదమ్మా. అది పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం లాంటిది. అందరికంటే ముందు చెప్తారు, అందరికంటే ఆఖర్న నమ్మాలి."

మంచి పాత జెర్కిన్ల లేబుల్ మీద పశ్చిమ జర్మనీలో తయారైందని ఇంగ్లీషులో నేసి ఉంటుంది, అచ్చు వేసి కాదు. ఆ పేరు గల దేశం ఇప్పుడు లేదు. అంచేత ఆ మాట ఉందంటే రెండు జర్మనీల మధ్య గోడ పడిపోకముందు కుట్టిందని లెక్క. అయితే నకలు చేసేవాడికి దేశం ఉంటేనేం, పోతేనేం?

"లేని దేశం బట్ట" అని మురిసిపోయేవారు మాస్టారు. "దేశం పోయింది, కుట్టు ఊడలేదు చూశావా!"

చూడడం అయిపోయాక పాత కాల్‌షీటు వెనకవైపు చించి, పెన్సిల్‌తో ఒక్క మాట రాసి, కాలరు లోపల పిన్నీసుతో గుచ్చేవారు. అసలు. లేదా నకలు. మధ్యలో ఇంకో మాట లేదు. ఒకసారి ఒక పెద్ద హీరోగారి తమ్ముడు వచ్చి, వేలంలో కొన్నానని గొప్పగా చూపించినదానికి కూడా ఆయన వెనకాముందూ చూసుకోకుండా నకలని గుచ్చేశారు. నా నాలుగింట్లో మూడు నకళ్లు తేలాయి. నాలుగోది అసలే గానీ మరీ కొత్తగా ఉందని ఆయనకు బాధ.

"కాస్త టీ నీళ్లలో ముంచి, మోచేతుల దగ్గర ఉప్పుకాగితం పట్టించనా? అసలుది కాస్త అసలులా కనపడొద్దూ!"

"ముట్టుకుంటే ఊరుకోను మాస్టారూ" అని లాక్కున్నాను. కొత్త బట్టను పాతగా చెయ్యడం ముప్పై ఏళ్ల అలవాటు ఆయనకి. అసలును కూడా అసలుగా నటింపజేయాలని చూసే మనుషులు ఫిల్మ్‌నగర్‌లో తప్ప ఇంకెక్కడా దొరకరు.

గోదాములో ఉంచుకునే ఆయన పెట్టెలో ఒక నీలం జెర్కిన్ ఉండేది. తెల్లని పైపింగ్ అంచు, మెడ దగ్గర పశ్చిమ జర్మనీ లేబుల్. నన్ను ఓడించిన పిల్ల వేసుకున్నదానికి అచ్చు అక్క లాంటిది. మద్రాసులో ఒక హీరోగారు విదేశం నుంచి తెచ్చి సినిమాలో వేసుకుని, చివరికి వదిలేసి వెళ్లినదట. దాని కాలరులో అసలని రాసిన చీటీ పాతబడి పసుపు రంగుకు తిరిగింది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. చాలా నెలలకు, ఒక మధ్యాహ్నం, నాకు తిరగేసి చూపించారు.

"ఇటు చూడు. చేతి అంచు. గోరు పెట్టి లెక్కపెట్టు."

కుట్టు అయిపోయిన చోట దారం ఊడిపోకుండా బట్టను వెనక్కి తెచ్చి, అదే దారిలో మళ్లీ కుడతారు. దర్జీలందరూ చేసే పనే. ఒకసారి కుడతారు, మహా అయితే రెండోసారి. ఈ జెర్కిన్‌లో మూడుసార్లు కుట్టి ఉంది. ప్రతి అంచు చివరా మూడు. ఎవరికీ కనపడని జేబు అడుగున కూడా మూడు.

"ఒకే మనిషి చెయ్యి" అన్నారాయన మెల్లగా. "అక్కడెక్కడో జర్మనీలో ఎవరో ఒకావిడ. మగాడు ఇంత ఓపిగ్గా కుట్టడు."

ఇరవై ఏళ్లలో ఆ చెయ్యి ఆయనకు ఇంకో ఐదు జెర్కిన్లలో దొరికిందట. మద్రాసు నుంచి లారీల్లో వచ్చిన సరుకులో కొన్ని, ఇక్కడి పాతబట్టల గుట్టల్లో కొన్ని. లేబుళ్లు ఊడిపోయినా మూడు కుట్లూ ఉన్నాయి కాబట్టి వాటికీ అసలని గుచ్చి పెట్టెలో దాచుకున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఆరింటినీ తిరగేసి ఒళ్లో పరుచుకుని, పుస్తకం చదివినట్టు చదివేవారు.

"ఇక్కడ చూడు, దారం బిగువు మారింది. కాఫీకి లేచింది. తిరిగొచ్చి కూర్చున్నాక చేతికి తొందర లేదు. బయట మంచు పడుతుండాలి. ఇదిగో, ఈ భుజం దగ్గర కుట్టు కాస్త వంకర. ఆ రోజు ఎవరిమీదో కోపంగా ఉంది. అయినా చివర మూడూ వేసింది, చూశావా? కోపం కోపమే, పని పనే."

ఆ మాటలు వింటుంటే సెల్లారు గోడలు పలచబడిపోయేవి. కటకటాల్లోంచి పడే ఎండలో ధూళి తేలుతుంటే అది ఎక్కడిదో మంచులా ఉండేది. నాకూ ఆవిడ కనపడేది. కిటికీ పక్కన మిషను, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. నిద్ర పట్టీపట్టని వేళల్లో ఆవిడ నా హాస్టలు గదిలో కూడా కుడుతుండేది. నేను మనుషుల్ని అంత తేలిగ్గా నమ్మను. ఆవిణ్ని నమ్మాను.

"ఆవిడ ఎవరో తెలుసుకోవాలమ్మాయ్" అనేవారు. "ఆవిడ పనిని అడుగడుగునా చూసినవాడు ఒకడు ఇక్కడున్నాడని ఆవిడకి తెలియాలి. ఇంత చేసిన మనిషికి ఒక్కడైనా చెప్పాలా వద్దా? చెప్పకుండా పోతానేమోనని నా దిగులు."

మా కంపెనీ నన్ను మూడు నెలలు ఆన్‌సైట్ పంపింది. పంపింది జర్మనీకే. చెప్పగానే మాస్టారు స్టూలు మీద నుంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు. నీలం జెర్కిన్ పాత లుంగీలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. ఇరవై ఏళ్లలో అది ఆయన చెయ్యి దాటి బయటికి రావడం అదే మొదలు.

"ఆవిడ దొరక్కపోయినా, ఆవిడతో కుట్టినవాళ్లెవరైనా దొరుకుతారు. చూపించు. ఎవరిదీ చెయ్యి అని అడుగు. నకళ్ల మధ్య బతికేవాణ్ని, ఈ ఒక్కటీ నాకు తెలిసి నిజం అని చెప్పు."

అక్కడ ఆదివారాలు ఒక మైదానంలో పాతబట్టల సంత జరిగేది. నాతో పనిచేసే జర్మన్ అమ్మాయిని దుబాసీగా వెంటబెట్టుకుని వెళ్లాను. నాలుగో వారం ఒక ముసలమ్మ దొరికింది. చిన్నప్పటి నుంచి ఆటల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసిందట. నేను జెర్కిన్ ఇవ్వగానే ఆమె ముందువైపు చూడలేదు. టకామని తిరగేసింది. మాస్టారు ఎదురుగా నిలబడ్డట్టే ఉంది.

గోరుతో గీసింది. మళ్లీ గీసింది. నవ్వింది. ఆమె మాటల్ని నాతో వచ్చిన అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది: మూడా? మాకెవరికీ మూడు వేసే తీరిక లేదు. ముక్కకింత అని ఇచ్చేవాళ్లు, మేస్త్రీ నెత్తిమీద నిలబడేది. ఇది ఫ్యాక్టరీ పని కాదు. ఇంట్లో కూర్చుని, మనసు పెట్టి ఎవరో కుట్టింది. లేబులు మాత్రం మాదే.

ఆమె జెర్కిన్‌ను జాగ్రత్తగా మడిచి, చేత్తో ఒకసారి నిమిరి ఇచ్చింది. చాలా బాగా కుట్టారని చెప్పమంది. ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు.

తప్పులు పట్టడమే ఉద్యోగమైనదాన్ని, ఆ తప్పును మాత్రం కడుపులో దాచుకుని తిరిగొచ్చాను. ఎవరూ దొరకలేదు మాస్టారూ అని అబద్ధం ఆడాను. ఆయన జెర్కిన్ తీసుకుని, లుంగీ మడతలు సరిచేసి, "పోన్లే, ఆవిడ దేశం దాకా వెళ్లొచ్చింది కదా" అన్నారు. నా మొహం చూసి జాలేసిందేమో, "రేపు ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. మూడు నెలలు ఏం తిన్నావో ఏమో" అన్నారు.

యూసుఫ్‌గూడలో సందులోపల సందు, మేడమీద రెండు గదులు. కింద ఎవరో సినిమా ఫైటర్లు ఉంటారు, మెట్ల మీద కట్టుకట్టిన మోకాళ్లతో కూర్చుని ఉన్నారు. మాస్టారు ఒక్కరే ఉండేవారని అప్పుడే తెలిసింది. దోసకాయ పప్పు ఆయనే వండారు. గోడకి దండ వేసిన ఫోటో ఉంది. ముప్పై అయిదేళ్లావిడ, కెమెరా కేసి కాక కాస్త పక్కకి చూస్తోంది.

"మా ఇంటావిడ. మద్రాసులోనే పోయింది. మేం ఇటు రాకముందే" అన్నారు వడియాలు వేయిస్తూ.

కిటికీ పక్కన పాత కుట్టుమిషను ఉంది. దానికి పూల గుడ్డతో ముసుగు. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు. ముసుగు అంచు పట్టుకుని ఊరికే తిరగేశాను. అలవాటు ఆయన చేసిందే. గోరు దానంతటదే అంచు చివరికి పోయింది.

ఒకటి. రెండు. మూడు.

ఇంకో మూల చూశాను. మూడు. వదిలేసి కూర్చుందామనుకున్నాను. అప్పటికే ఆయన గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. తిరగేసిన గుడ్డనీ నా మొహాన్నీ మార్చి మార్చి చూశారు. స్టవ్ ఆర్పి వచ్చి, ముసుగు నా చేతిలోంచి తీసుకున్నారు. కళ్లు మూసుకుని గోరుతో గీశారు. నాలుగు మూలలా గీశారు. నూనె చెయ్యి అంటుతుందని కూడా చూసుకోలేదు.

"అయితే ఆ నీలంది నకలన్నమాట" అన్నారు.

మొదట వచ్చిన మాట అదే. తీర్పు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు చెప్పాను, సంతలో ముసలమ్మ సంగతి. అబద్ధం ఆడినందుకు తిడతారనుకున్నాను. ఆయన వినిపించుకున్నారో లేదో కూడా తెలియలేదు. మిషను ముందు నేల మీద కూర్చున్నారు.

"హీరోకి ఒకటి ఉంటే డూపుకి అచ్చం అలాంటిదే ఇంకోటి కావాలి కదమ్మా. ఫైట్లో పడి దొర్లేది డూపే. బర్మా బజారులో బట్టా జిప్పూ వెతికి తెచ్చింది నేనే. రెండూ విదేశానివే. కత్తిరించి ఇంట్లో పడేసి సెట్‌కి పోయేవాణ్ని. సాయంత్రానికి కుట్టి, ఇస్త్రీ చేసి ఉంచేది. ఆ తర్వాత కాలేజీ ఆటల సినిమా ఒకటి వస్తే టీము మొత్తానికీ ఆమే కుట్టింది, కత్తిరించింది వేరే మాస్టరు, నేను వాటిని తిరగేసి చూసిందే లేదు. పన్నెండు."

ఆ పన్నెండులోవే ఆయనకు దొరికిన ఐదూ.

"మరి లేబులు?" అన్నాను.

"హీరోగారికి మెడ దగ్గర గుచ్చుకుంటోందంటే నేనే కత్తిరించి జేబులో వేసుకున్నాను. షూటింగ్ మధ్యలో రెండు జెర్కిన్లూ ఉతకడానికి ఇంటికి పంపాను. తిరిగొచ్చినప్పుడు ఒకదానికి, నా చొక్కా జేబులో దొరికిందేమో, ఆ లేబులు కుట్టి ఉంది. అసలుదానికే కుట్టిందనుకున్నాను. ఆఖరి రోజు హీరోగారు లేబులు లేనిది వేసుకుని వెళ్లిపోయారు. ఉన్నది నాకు మిగిలింది. అదృష్టవంతుణ్ని అనుకున్నాను."

కింద ఫైటర్లు ఎవరో నవ్వుతున్నారు.

"పొరపాటున కుట్టిందో, కావాలనే కుట్టిందో" అన్నారు. "రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటుంది. తనదే బాగుందనుకుందేమో!"

లేచి, నీలంది తిరిగొచ్చాక గోదాము నుంచి ఇంటికి తెచ్చుకున్న పెట్టె తెరిచారు. ఆరింటినీ తీసి, ఒక్కొక్కటీ తిరగేసి నేలంతా పరిచారు. మధ్యాహ్నపు ఎండ వాటి మీద పడింది. ఏళ్లుగా ఆయన నోట విన్న కథే మళ్లీ విన్నాను, అవే కుట్ల మీద.

"ఇక్కడ లేచింది. పాలు పొంగి ఉంటాయి. ఇక్కడ కరెంటు పోయింది, చీకట్లో కుట్టింది, అయినా గీత తప్పలేదు. ఈ వంకర..." భుజం దగ్గర వేలు ఆగిపోయింది. "ఆ రోజు పోట్లాడుకున్నాం. సినిమాకి తీసుకెళ్లమంది. రోజూ సినిమాల్లోనే చస్తున్నాను, మళ్లీ సినిమా ఏంటి అన్నాను."

వేలితోనే ఆ వంకరను సాపుచేశారు.

"ఊళ్లో వాళ్లందరి బట్టలూ తిరగేసి చూశానమ్మా. ఇంట్లో కుట్టింది కదా, బాగానే ఉంటుందిలే అని ఒక్కరోజు తిరగేయలేదు. చెప్పాలి చెప్పాలి అని జర్మనీ దాకా పంపానే నిన్ను!"

పప్పన్నం చల్లారిపోయింది. ఇద్దరం అలాగే తిన్నాం. వడియాలు మాడాయి, అవీ తిన్నాం.

ఆ తర్వాత మాస్టారు ఆ జెర్కిన్ల ఊసెత్తలేదు. పెట్టె తాళం తియ్యడం నేను చూడలేదు. ఎవరైనా బట్ట తెస్తే తిరగేసేవారు, వినేవారు, కానీ పూర్వంలా ఠకీమని చెప్పేవారు కాదు. "చూద్దాం, ఉంచి వెళ్లండి" అనేవారు. జర్మనీ ఆవిడ గురించి ఒక్క మాట లేదు. ఆ మంచూ, ఆ కిటికీ, ఆ కళ్లద్దాలూ నేనే లాగేసుకున్నానని నాకు గిల్టీగా ఉండేది. భార్యను తిరిగి ఇచ్చానని ఒకరోజు అనిపించేది, ఇరవై ఏళ్ల కలను పాడుచేశానని ఇంకో రోజు. అడిగే ధైర్యం చాలలేదు. తర్వాత పెళ్లయి, గచ్చిబౌలి అవతలికి మారి, పండక్కో పబ్బానికో వెళ్లేదాన్నయ్యాను. ఆఖరిసారి వెళ్లినప్పుడు నా పాప గౌను తిరగేసి, "కుట్టు బాగుంది, ఎవరు కుట్టారో వాళ్లకి చెప్పు" అన్నారు. షాపులో కొన్నదని చెప్పలేకపోయాను.

ఫోన్ వచ్చిన మర్నాడు ఫిల్మ్‌నగర్ వెళ్లాను. సెల్లారు సగం ఖాళీ. షేక్‌పేట ఆసామి పెట్టె మెట్ల దగ్గరికి లాగించి ఉంచాడు. ఆయనే తాళం తీశాడు.

"యూసుఫ్‌గూడ రూం ఖాళీ చేసినంక గీడనే పండేటోడు మేడం. ఎవ్వర్ని ముట్టనిచ్చేటోడు కాదు. ఏముంది గండ్ల?"

మూత ఎత్తాను. పైన నీలం జెర్కిన్. కాలరు లోపల పసుపు చీటీ లేదు. కొత్త చీటీ ఉంది. అక్షరాలు వణికాయి కానీ చదవడానికి ఇబ్బంది లేదు. నకలు. కింద ఐదూ చూశాను. ఐదింటికీ అదే మాట, అదే పెన్సిలు. ఎవరికోసమూ తీర్పు మార్చని మనిషి, తన పెళ్లాం కోసం కూడా మార్చలేదు. నాకు ఒక్కసారి ఒళ్లు మండింది. ఇంత చేసి చివరికి ఆమెకి మిగిలింది నకలన్న మాటేనా అనిపించింది.

"పాత బట్టలేనా?" అన్నాడు ఆసామి నిరాశగా.

"అవునన్నా" అని జెర్కిన్లు పక్కన పెట్టాను. అడుగున ఇంకేదో ఉంది. అదే లుంగీలో చుట్టి ఉంది. విప్పితే మిషను ముసుగు. మాస్టారే మడిచి ఉంటారు. మామూలుగా కాదు, తిరగేసి, లోపలివైపు పైకి వచ్చేలా మడిచారు. మూలకి పిన్నీసు, పిన్నీసుకి చీటీ.

అసలు.

మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆసామి కంగారుపడి, "పానీ తెమ్మంటరా మేడం?" అన్నాడు. వద్దని చెయ్యెత్తాను, మాస్టారు జిప్పు వినేటప్పుడు ఎత్తినట్టే. గోరుతో అంచు మీద మెల్లగా గీసి, ఆయన బదులు లెక్కపెట్టాను. మూడూ ఉన్నాయి.